పరామర్శ ధర్మము



మన ప్రాంతమున నొక యాచారము కలదు. ఒక యింట మరణము సంభవించినచో ఆ దినమున ఆ యింట పొయ్యి రాజేయరు. బంధువులును ఇరుగుపొరుగువారును తమ యిండ్ల నన్నము వండి, గంపలో పెట్టి, కొనిపోయి, ఏడ్చుచున్నవారిని బ్రతిమాలి రెండు ముద్దలు తినిపింతురు. పిమ్మట కొన్ని దినములవరకు తెలిసినవారు ఒక్కొక్కరుగా వచ్చి, అరుగుమీద కూర్చుండి, పోయినవారినిగూర్చి నాలుగు మాటలాడి పోవుదురు. దీనినే మనవారు పరామర్శ యందురు. చావునకు సంబంధించిన మన యాచారములలో ననేకములు వ్యర్థములనియు, కొన్ని హానికరములనియు మనము పలుమారు చెప్పుకొనియున్నాము. అప్పుచేసి పెట్టెడి దినభోజనములను, వితంతువుయెడ జరుపు క్రూరకర్మలను మనము ఖండించితిమి. కాని ఈ యన్నపుగంపను ఖండించిన సంస్కర్తను మేమెన్నడును చూడలేదు. ఏలయన, ఇందు మంత్రము లేదు, దక్షిణ లేదు, పరలోకభయము లేదు. ఒక మనుష్యుని దుఃఖమును మరియొక మనుష్యుడు గుర్తించుట మాత్రమే కలదు.

అయితే నేడు మిమ్ము నొక ప్రశ్న యడుగ దలచితిమి. చావు మన వీథిలో గాక వేయి మైళ్ల దూరమున జరిగి, చచ్చినవారి కుమారుడు మాత్రము మన వీథిలో నున్నచో, ఆ యన్నపుగంపను ఎవరు మోయుదురు? ఇచట శవము లేదు, డప్పు మ్రోగదు, ఏడ్పు వినరాదు. ఆతడు యథాప్రకారము పనికి వచ్చుచునే యున్నాడు. ఆ యిల్లు చావిల్లని మనకెట్లు తెలియును? తెలియకపోయినచో మన దోషమేమియు లేదా?

మద్దికెర పెద్ద పట్టణము కాదు. గుంతకల్లునుండి డోనువైపు పోవు రైలుమార్గమున నున్న ఈ యూరిని దూరపువారు విజయదశమినాటి గుర్రపు పందెములచేత నెక్కువగా ఎరుగుదురు. అయినను ఇచటినుండి ఒక్క దినము బయలుదేరి, ప్రత్తివ్యాపారమునకు పేరుపొందిన ఆదోనికో, మగ్గములకు పేరుపొందిన ఎమ్మిగనూరునకో పోయి, వీథివెంట నడచి చూడుడు. దుకాణముమీద కూర్చుండిన మార్వాడీ సేటు పూర్వులు రాజపుత్రస్థానమువారు. కట్టడపు పనిచేయుచున్న కూలీలలో కొందరు బీహారమునుండియు, ఒడిశానుండియు వచ్చినవారు. చలికాలమున నూలుదుప్పట్లకు ప్రక్కన ఉన్నికోట్లు పరచి యమ్ముకొను స్త్రీలలో టిబెట్టువారు కలరు. రాత్రి రెండు గంటలకు మన తలుపుల ముందు లాఠీ తాటించుచు, ఈల వేయుచు పోవువాడు నేపాలువాడు. వీరందరికిని ఇచట నొక గది కలదు. అచట నొక ఊరు కలదు. మనము గదిని చూచుచున్నాము. ఊరిని చూచుట లేదు.

ఉపదేశము చేయువాడు ముందుగా తన తప్పును చెప్పుకొనుట న్యాయము. కావున మాకు సంభవించిన యొక సంగతిని దాచక చెప్పెదము.

2015 వ సంవత్సరము ఏప్రిలు 25 వ తేది శనివారము మధ్యాహ్నమునకు కొంచెము ముందుగా నేపాలుదేశమున మహాభూకంపము కలిగెను. దాని తీవ్రత 7.8. దాని కేంద్రము గోర్ఖా యను జిల్లాలో నుండెను. మే 12 వ తేదిని 7.3 తీవ్రతగల మరియొక కంపము వచ్చెను. రెంటివలనను సుమారు తొమ్మిదివేలమంది చనిపోయిరి. ఇరువదిరెండువేలకు పైగా గాయపడిరి. దాదాపు అయిదులక్షల యిండ్లు నేలమట్టమయ్యెను. హిమాలయములలోని లాంగ్‌టాంగ్ అను గ్రామము మంచుతోడను రాళ్లతోడను పూర్తిగ పూడిపోయెను.

మేమును మిత్రులును పత్రికలలో ఈ వార్తలు చదివి మిక్కిలి చలించితిమి. సభ చేసితిమి, చందాలు వేసికొంటిమి. మావంతు వేయి రూపాయలు సహాయనిధికి పంపి రసీదు తెప్పించుకొని, కర్తవ్యమును నెరవేర్చితిమను తృప్తితో నుంటిమి. మే నెల ఒకటవ తేది వచ్చెను. న్యాయస్థానములకు వేసవి సెలవులగుటచే మేము వరండాలో కూర్చుండి పత్రిక చదువుచుంటిమి. ఆ పుటలోను నేపాలు చిత్రములే యుండెను. అంతలో మా వీథి కావలివాడు నెలజీతపు పుస్తకము చేతబట్టుకొని గేటు దగ్గర నిలిచి నమస్కరించెను. ఇంటికి ముప్పది రూపాయల చొప్పున వసూలు చేసికొనుట ఆతని వాడుక. మేము తల యెత్తకయే “రేపు రా” అంటిమి. ఆతడు “అచ్ఛా సాబ్” అని మరలెను.

సోదరులారా, ఆ క్షణమున మా చేతిలోని పత్రికయందు గోర్ఖా యను పేరు పెద్ద యక్షరములలో నుండెను. గేటువద్ద నున్నవానిని పదునొకండేండ్లుగా మేము పిలిచెడి పేరు గూర్ఖా. ఈ రెండు మాటలు ఒక్కటేయని మాకు తోచలేదు.

మా గృహిణి లోపలినుండి వచ్చి ఆతనిని ఆపి, “ఏమయ్యా, మీది నేపాలే గదా? మీ ఊళ్లో అందరూ బాగున్నారా?” అని యడిగెను. ఆతడు జవాబు చెప్పక మెట్టుమీద కూర్చుండెను. పదునొకండేండ్లలో ఆతడు మా యింట కూర్చుండుట అదియే మొదటిసారి. ఆతని గ్రామము సింధుపాల్చోక్ జిల్లాలోనిది. ఆ యొక్క జిల్లాలోనే మూడువేలకు మించి చనిపోయిరి. తంతులు తెగిపోయినందున మూడు దినములవరకు ఆతనికి ఏ వార్తయు అందలేదు. నాలుగవ దినమున తెలిసినది, తల్లి గోడక్రింద పడి మరణించెననియు, భార్యాబిడ్డలు ఆరుబయట టార్పాలిన్ గుడ్డక్రింద నున్నారనియు. ఇది తెలిసిన రాత్రియు, తెలియని రాత్రులును, ఆ ఆరు రాత్రులును మా వీథిలో ఈల మ్రోగుచునే యుండెను. మేము నిద్రించుచునే యుంటిమి.

ఏల ఊరికి పోలేదని యడిగితిమి. తెలిసిన సమాధానమే. ప్రయాణమునకు డబ్బు లేదు. దుకాణదారునియొద్ద తీసికొనిన అప్పు కలదు. అన్నిటికన్న ముఖ్యముగా, తాను రెండు నెలలు లేకున్నచో మరియొకడు వచ్చి ఈ వీథిని తీసికొనునను భయము. ఈ వీథి పోయినచో కూలిన యింటిని తిరుగ కట్టుట కాధారమే లేదు. ఆతడు ఏడ్చుటకు సైతము సెలవు పుచ్చుకొనలేక పని చేయుచుండెను. వేయి రూపాయలు వేయి మైళ్ల దూరమునకు పంపినవారము, ఆ దేశము మా గేటుకడకు తానే వచ్చి నిలిచినపుడు “రేపు రా” అంటిమి. మా ఉపదేశములలో ఎన్నియో మరచితిమి గాని ఈ రెండు మాటలను మరువలేకున్నాము.

ఆతని పేరును, ఊరిపేరును ఇచట వ్రాయము. అవి ఆతనివి. ఆ సాయంకాలము మా వీథిలోని తొమ్మిది యిండ్లవారము కూడుకొని రెండు నెలల జీతమును ముందుగా నిచ్చితిమి. దుకాణదారునితో మాటలాడి అప్పునకు గడువు వేయించితిమి. ఆతడు తిరిగి వచ్చువరకు వీథి ఆతనిదేయని కాగితము వ్రాసి అందరము సంతకములు చేసితిమి. గుంతకల్లునుండి రైళ్లు మారి, గోరఖపురము చేరి, సోనౌలీ సరిహద్దు దాటి పోయినాడు. నాలుగు నెలలకు తిరిగి వచ్చినాడు. వచ్చి మా గృహిణి నడిగిన మొదటి మాట, “అమ్మా, నా వీథి ఉందా?” అని.

ఈ సంగతిని మేము కేవలము పశ్చాత్తాపముకొరకు చెప్పలేదు. ఇందొక ధర్మసూక్ష్మము కలదు. దూరదేశమున ఉపద్రవము కలిగినపుడు మన దృష్టి సహజముగా ఆ దేశమువైపే పోవును. అది మంచిదే, సహాయనిధులకు సొమ్ము పంపవలసినదే. కాని ఆ యుపద్రవముయొక్క యొక కొస మన యూరిలోనే యున్నది. అచటివారి యొద్దకు సైన్యము పోవును, వైద్యులు పోవుదురు, రాజ్యములు విమానములు పంపును. ఇచట గదిలో కూర్చుండినవానియొద్దకు పోవువారెవ్వరు? ఆతనియొద్దకు పోగలవారము మనమే. మరి యెవ్వరును రారు.

ఇట్టివాని దుఃఖము రెండు విధముల విశేషమైనది. ఊరిలో నున్నవానికి కన్నులయెదుట నున్నంత మాత్రమే దుఃఖము. కూలిన గోడను చూచును, చేతులతో రాళ్లు తొలగించును, తనవారిని తానే దహనము చేయును. దూరముననున్నవాడు వార్త అందువరకు తనవారినందరిని మనస్సులో చంపుకొనుచు బ్రదికించుకొనుచు నుండును. ఇది మొదటిది. తానొక్కడే సురక్షితముగ నుంటిననియు, సమయమునకు అచట లేకపోతిననియు తనను తాను నిందించుకొనుట రెండవది. ఇంటిని పోషించుటకొరకే ఇల్లు విడిచినవాడు, ఆ యిల్లు కూలునపుడు చేయి యడ్డము పెట్టలేకపోయెను. నిజమునకు ఆతడు ఇల్లు విడిచినందుననే ఆ యింట అన్నము ఉడికినది. ఆ కాలమున నేపాలుదేశపు ఆదాయముతో పోల్చి చూచినచో, వలసపోయినవారు ఇంటికి పంపెడి సొమ్మే నాలుగవవంతునకు మించి యుండెను. ఆ మాట ఆతనికి ఎవరైన చెప్పవలెను గదా!

దుఃఖితునియొద్ద చెప్పగూడని మాటలును కలవు. 1934 వ సంవత్సరము జనవరి 15 వ తేదిని బీహారమును నేపాలును కదలించిన మహాభూకంపము సంభవించెను. పదివేలకు పైగా జనులు మరణించిరి. ఆ సమయమున దక్షిణదేశమున హరిజనయాత్ర చేయుచుండిన గాంధీమహాత్ముడు, ఇది అస్పృశ్యతాపాపమునకు ఈశ్వరుడు విధించిన శిక్షయని పలికెను. అస్పృశ్యతను ద్వేషించుటలో ఆయనకు దీసిపోని రవీంద్రనాథ ఠాకూరు దీనిని అంగీకరింపలేదు. ప్రకృతియందలి సంఘటనలకు ప్రకృతియందే కారణములు వెదకవలెననియు, నీతిసూత్రములను భూకంపములతో ముడిపెట్టరాదనియు ప్రకటించెను. గాంధీమహాత్ముడు ఆ ఖండనను తన హరిజన పత్రికయందే ప్రకటించి, దానికి ప్రత్యుత్తరము వ్రాసెను. మహాపురుషులిద్దరును పరస్పర గౌరవమునకు భంగము లేకుండ వాదించుకొనిరి. ఈ విషయమున మేము నిస్సంశయముగ రవీంద్రుని పక్షమువారము. గోడక్రింద పడిన వృద్ధురాలు ఏ పాపము చేసినది? ఆమె కుమారునితో “మీ కర్మ” యనువాడు ఓదార్చుట లేదు. రెండవమారు రాయి వేయుచున్నాడు. భూమిలోపలి శిలాఫలకములు ఒకదానిక్రిందికి ఒకటి జొరబడుటచే భూమి కంపించును. మనుష్యుని హృదయము కంపించునపుడు దానిని పట్టి నిలుపుటకు మరియొక మనుష్యుని చేయి కావలెను. ఈశ్వరుడు భూకంపముననున్నాడా యని తర్కించుట మాని, ఆయన మన చేతియందున్నాడా యని పరీక్షించుకొందము.

దుఃఖమున నున్నవారిని ఓదార్చుటకు బదులు అనుమానించుట మరియు నీచమైనది. 2020 వ సంవత్సరమున మహామారి ప్రబలినపుడు, అది చీనాదేశమునుండి వచ్చినదను కారణమున, మన దేశపు పౌరులేయైన ఈశాన్య రాష్ట్రములవారిని మొగపు పోలికనుబట్టి నగరములలో అవమానించినవారు కలరు. దూరపు విపత్తు వచ్చినపుడు మనలోని పరదేశియొద్దకు మనము అన్నపుగంపతో పోకున్నచో, ఇతరులు రాళ్లతో పోవుదురు. మధ్యస్థముగ నుండిపోవుటకు ఆ దినములలో తావుండదు.

ఇక కొందరు మిత్రులు చెప్పెడి యాక్షేపములను విచారింతము.

“మన కరవులే మనకు చాలును, పరదేశులమాట ఏల?” యని కొందరందురు. ఈ మాట మరి యే సీమవారికైన తగునేమో గాని మనకు తగదు. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును మాడ్చిన ధాతుకరవు అత్యధికముగ బాధించిన జిల్లాలలో బళ్లారియు కర్నూలును కలవు. ఆదోని తాలూకా 1953 వరకు బళ్లారి జిల్లాలోనిదే. ఆ కరవున లక్షలకొలది జనులు నశించిరి. 1877 వ సంవత్సరమున లండను నగరపు మేయరు తెరచిన నిధికి ఇంగ్లండునందును, ఆస్ట్రేలియాయందును మనలనెన్నడును చూడనివారు చందాలిచ్చిరి. ఆ సొమ్ముతో అనేకమంది రైతులు విత్తనములు, ఎడ్లు కొనుక్కొని మరల సేద్యమునకు దిగిరి. ఆ కాలమున మన దొరతనమువారి కృపణత్వమునుగూర్చి చెప్పవలసినది చాల కలదు. అది వేరొక ప్రసంగము. ఇచట మేమడుగునది ఒక్కటే. అదే కరవు దినములలో ఈ రాజధానినుండి సింహళమునకు, బర్మాకు, మారిషసునకు, నెటాలునకు కూలికి పోయినవారు వేలకొలది. వారి తల్లిదండ్రులు ఇచట గంజికేంద్రములయొద్ద పడియుండగా, అచట చెరకుతోటలలో, తేయాకుతోటలలో వారిని “మీ ఊళ్లో అందరూ బాగున్నారా?” యని యడిగినవారెవరు? ఆ ప్రశ్న మనవారికి ఎవరును వేయకపోయినచో, దానిని మనము ఇతరులకు వేయవలసిన ఋణము మరింత పెరుగును గాని తరుగదు.

పురాతన కథ యేల? సుగ్గి యను మాట మనకు తెలియనిది కాదు. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, కౌతాళము, పత్తికొండ ప్రాంతములనుండి వానలు లేని ఏట వేలకొలది కుటుంబములు ముసలివారిని ఇంటివద్ద నుంచి, పిల్లలను బడి మాన్పించి, లారీలలోను రైళ్లలోను గుంటూరు సీమకు మిరపకాయలు కోయుటకు పోవుచున్నవి. మరికొందరు బెంగుళూరునకు కట్టడపుపనికి పోవుచున్నారు. అనగా మనమే పరదేశులము. 2009 వ సంవత్సరము అక్టోబరు 2 వ తేదిని తుంగభద్రయు హంద్రియు పొంగి కర్నూలు నగరము నీట మునిగినపుడు, మంత్రాలయము జలమయమైనపుడు, బెంగుళూరులోను హైదరాబాదులోను నున్న మనవారు ఫోనులు పలుకక ఎట్లు రాత్రులు గడపిరో మీలో చాలమందికి తెలియును. 2020 మార్చి నెలలో దేశమంతట రాకపోకలు నిలిచినపుడు సుగ్గికి పోయినవారెందరో గుంటూరు మిరపచేలలోనే చిక్కుకొనిపోయిరి. అప్పుడు చేని గట్టుమీదికి ఒక బిందెడు నీరు, ఒక సోలెడు బియ్యము తెచ్చి యిచ్చిన గుంటూరు సీమ యిల్లాలి పేరు మనకు తెలియదు. ఆమె మన జిల్లా యేది, కులమేదియని యడిగి యుండదు. ఆమెకు ప్రత్యుపకారము చేయుటకు గుంటూరు పోనక్కరలేదు. మన గేటువద్ద నున్నవానికి చేసిన చాలును.

“విదేశీయుల విషయమున చట్టము చిక్కులు పెట్టదా?” యని మరికొందరు. మేము న్యాయవాదవృత్తిలో నున్నవారము గనుక చెప్పుచున్నాము. 1950 వ సంవత్సరము జూలై 31 వ తేదిని భారత నేపాలు దేశములు చేసికొనిన సంధినిబట్టి ఒకరి దేశమున మరియొకరు నివసించుటకును, పనిచేసికొనుటకును, వ్యాపారము చేయుటకును హక్కు కలదు. తల్లిని పోగొట్టుకొనినవానికి ఒక పూట అన్నము పెట్టుటను నిషేధించు చట్టము ఏ దేశమునను లేదు.

“మోసము చేయుదురేమో” యను శంక మూడవది. చేయవచ్చును. మనయొద్దకు వచ్చు కక్షిదారులు మాత్రము చేయుట లేదా? అయినను వకాలతులు పుచ్చుకొనుచునే యున్నాము గదా. వందమందిలో నొకడు లేని తల్లిని చంపి ముప్పది రూపాయలు పుచ్చుకొనినచో మనము ముప్పది రూపాయలు నష్టపోవుదుము. ఆ యొక్కనికి భయపడి తక్కిన తొంబదితొమ్మిదిమందిని “రేపు రా” యనినచో ఏమి నష్టపోవుదుమో మేము కన్నులార చూచితిమి.

కావున మనము చేయదగినది ఏమి? పెద్ద సంఘములు, పెద్ద నిధులు అక్కరలేదు. అయిదు సంగతులు చాలును.

మొదటిది, ఉపద్రవము రాకముందే పేరు తెలిసికొనుట. మన వీథిలో, మన దుకాణములో, మన పొలములో పనిచేయు పరదేశి పేరేమి, ఏ జిల్లా, ఏ ఊరు, ఇంట ఎవరున్నారు? ఇది తెలియనిదే పత్రికలోని వార్తకును గేటువద్ద నున్న మనుష్యునికిని సంబంధము తోచదు. నేపాలువారందరి యిల్లును 2015 లో కూలలేదు. దక్షిణదేశమునకు కావలిపనికి వచ్చువారిలో పశ్చిమ నేపాలువారనేకులు. ఆ కంపము మధ్య నేపాలునకు ఎక్కువగ తగిలెను. కాని 2023 నవంబరు 3 వ తేది రాత్రి పశ్చిమమున జాజర్‌కోట్, రుకుం జిల్లాలలో భూమి కంపించి నూట యేబదిమందికి పైగా నిద్రలోనే చనిపోయిరి. ఆ జిల్లాలనుండియే మన దేశమునకు కూలికి వచ్చువారనేకులు. ఆ వార్త మన పత్రికలలో ఒకటి రెండు దినములు నిలిచి మాయమయ్యెను. పెద్ద విపత్తును లోకము మనకు జ్ఞాపకము చేయును. చిన్న విపత్తును జ్ఞాపకము చేయునది ఆ ఊరిపేరు తెలిసియుండుట యొక్కటే.

రెండవది, వార్త విన్న దినమే పోయి యడుగుట. ఆతడు మనయొద్దకు వచ్చువరకు వేచియుండరాదు. సంతాపముగలవాడు పరామర్శకు ఇంటింటికి తిరుగుట మన యాచారము కాదు గదా. ఏమి మాటలాడవలెనో తోచకున్నచో ఊరకయే కూర్చుండవలెను. మరణము నిజమైనచో ఆ పూట ఆతని గదికి అన్నము పంపవలెను. ఆతడు తన మతమునుబట్టి పదుమూడు దినములు పాటించుకొనదలచినచో, ఉప్పు మానునో, తల గొరిగించుకొనునో, మన యభిప్రాయములతో ఆతనిని సంస్కరింపబూనరాదు. సంస్కరణమునకు దినములు వేరు. దుఃఖమునకు దినములు వేరు.

మూడవది, పోవలసినవానిని పోనిచ్చుట. ప్రయాణపు ఖర్చు, జీతముతోడి సెలవు, తిరిగి వచ్చువరకు పని నిలిపియుంచుదుమను వాగ్దానము, ఈ మూడును కలిసియుండవలెను. ఖర్చు ఇచ్చి పని తీసివేయుట ఉపకారము కాదు. వాగ్దానము కాగితముమీద నుండుట మేలు. నోటిమాట నమ్మి పోవుటకు బీదవానికి ధైర్యము చాలదు. పోవుట యేల యవసరమో వినుడు. నేపాలు ప్రభుత్వము కూలిన యింటికి మూడులక్షల నేపాలీ రూపాయలు, అనగా మన రూపాయలలో లక్షా యెనుబదియేడువేల యయిదువందలు, మూడు విడతలుగ నిచ్చెను. దానికొరకు లబ్ధిదారుగ నమోదై, ఒప్పందముపై సంతకము చేసి, విడతవిడతకు నిర్ణీతమైన పనిని చూపవలసి యుండెను. ఇంటి యజమాని దూరమున నున్నచో ఆ యింటి స్త్రీలు ఈ కాగితములవెంట ఎంత తిరుగవలెనో కార్యాలయముల నెరిగినవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

నాలుగవది, చదువుకొనినవారు తమ చదువును ఇచ్చుట. మనలో ధనికులు కొందరే, అక్షరములెరిగినవారు అందరమును. దరఖాస్తు వ్రాయుట, తప్పిపోయినవారి పట్టికలు వెదకుట, రైలు టిక్కెట్టు తీయుట, బ్యాంకుద్వారా సొమ్ము పంపు మార్గము చూపుట, అప్పులవానితో మాటలాడి గడువు వేయించుట, ఇవి మనకు ఒక గంట పని. ఆతనికి పదిదినముల తిరుగుడు.

అయిదవది, మరల పోవుట. ఉపద్రవము జరిగిన వారమున అందరును దయామయులే. నాలుగు నెలలకు పత్రికలు మరచును, మనమును మరతుము. ఆతడు మాత్రము అప్పుడే ఇటుకలు కొనుచుండును. సంవత్సరము తిరిగి ఆ తేది వచ్చినపుడు “నేటికి ఏడాది గదా” యని ఒక్కమాట యడిగినచో, ఆతని తల్లి ఈ ఊరిలో గూడ ఒకరికి జ్ఞాపకమున్నదని ఆతడు తెలిసికొనును.

సహోదరులారా, ఈ యయిదింటిలో నొక్కటియు కష్టసాధ్యము కాదు. కష్టమైనది వేరొకటి కలదు. గూర్ఖా, మార్వాడీ, బీహారీ, లంబాడీ యని జాతిపేరుతో పిలుచుటకు మన నాలుక అలవాటుపడినది. జాతిపేరు గలవానికి తల్లి యుండదు. సొంతపేరు గలవానికే తల్లి యుండును. మనలను సుగ్గిదేశములలో “కర్నూలోళ్లు” అని ఒక్క మాటతో గుంపుగట్టి పిలిచినపుడు మన మనస్సెట్లుండునో తలచుకొనుడు. లోకపిత ఒక్కడేయని మనము ప్రతి ప్రార్థనలో చెప్పుచున్నాము. ఆయన తన బిడ్డలను జాతిపేర్లతో పిలుచునా?

మా వీథి కావలివాడు ఇప్పుడు వృద్ధుడై తన ఊరికి పోయినాడు. ఆతని ఇల్లు తిరిగి లేచినది. ఆతని స్థానమున వచ్చిన పడుచువాడు జాజర్‌కోట్ ప్రాంతమువాడు. 2023 లో ఆ వార్త వచ్చిన తెల్లవారుజామున మేము లేచి, చెప్పులు తొడుగుకొని, వీథి చివర ఆతడు చలికాచుకొను స్థలమునకు పోతిమి. పేరు పెట్టి పిలిచి, “మీ ఊళ్లో అందరూ బాగున్నారా?” యని యడిగితిమి. ఆతని వారు బాగుగనే యుండిరి. ప్రక్క ఊరిలోని మేనత్త యిల్లు మాత్రము కూలెను. ఆమె చేయి విరిగెను. ఆతడు ఈ సంగతి చెప్పి, మనమడుగకయే తన పిల్లల పేర్లు చెప్పెను. ఇంతకన్న గొప్ప ఫలితము ఏమియు జరుగలేదు. కాని ఎనిమిదేండ్లక్రితము మేమనిన రెండు మాటల బరువు ఆ తెల్లవారుజామున కొంత తగ్గెను.

ఇప్పుడు అందరమును లేచి ప్రార్థింతము.

ఓ సర్వలోకపితా, దూరమును సమీపమును నీకు లేవు. మాకు గలవు. అందుచేత మేము సమీపమున నున్నవానిని చూడక దూరమువైపు చూచుచుంటిమి, క్షమింపుము. ఇల్లు విడిచి మా నడుమ నివసించు ప్రతివాని పేరును తెలిసికొను శ్రద్ధను మాకు దయచేయుము. ఎక్కడనో భూమి కంపించినపుడు, నది పొంగినపుడు, గాలి వీచి కప్పులు లేచిపోయినపుడు, ఆ కీడు మా వీథిలో ఏ గడపను తాకినదో వెదకి పోవు కాళ్లను మాకిమ్ము. మా ఊరి బిడ్డలు పరదేశమున నున్నపుడు వారి గడపకు ఎవరినైన పంపుము. ఇచటి గడపలకు మమ్ము పంపుము.